ఆరు గ్రుడ్ల పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన యుపన్యాసము)



ఉపన్యాసము లిచ్చుట నా వృత్తి కాదు. చాలకాలముగా గ్రామపు లెక్కలు వ్రాసి జీవించుచున్నవాడను. నాకు గల కొలది సాహిత్యజ్ఞానము గురుముఖమున వచ్చినది కాదు. పగలు పద్దులతోను, రాత్రి పద్యములతోను కాలక్షేపము చేయుచు, అర్థము కానిచోట నిఘంటువును, నిఘంటువున కందనిచోట మన పురోహితులవారిని ఆశ్రయించి సంపాదించుకొన్నది. అందువలన దోషములున్న మన్నింపుడు.

కార్యదర్శిగారు నన్ను భారతమునుగూర్చి మాటలాడుమనిరి. భారతములోని కథ యొకటి తప్పక చెప్పెదను. కాని దానికి ముందు, మన గ్రంథాలయములోనే నాకు దొరికిన యొక అమెరికా దేశపు పుస్తకమునుగూర్చి చెప్పవలసియున్నది. కారణమేమనగా, ఈ రజతోత్సవ సంచికలో అచ్చు వేయుటకు దాతల పట్టికను కూర్చు పనిని కార్యవర్గమువారు నాకు ఒప్పగించిరి. ఆ పట్టిక వ్రాయుచున్న దినములలోనే నేనీ పుస్తకమును చదివితిని. చదివిన పిదప పట్టిక ముందుకు సాగలేదు. ఎందుచేత సాగలేదో మీకు విన్నవించుకొందును.

పుస్తకము పేరు 'అప్ ఫ్రం స్లేవరీ'. దాస్యమునుండి పైకి వచ్చుట యని తాత్పర్యము. 1901లో అచ్చయినది. వ్రాసినవారు బుకర్ టి. వాషింగ్టన్ అను నల్లజాతి విద్యావేత్త. మూడవ బీరువాలో, అడుగు అరలో, అట్ట యూడి పడియున్నది. నా యాంగ్లము అంతంత మాత్రము గనుక దినమునకు నాలుగైదు పుటల చొప్పున చదువగా రెండు నెలలు పట్టినది. ఆయన వర్జీనియా రాష్ట్రమున బానిసగా జన్మించెను. తాను పుట్టిన తేదీ తనకే సరిగా తెలియదని వ్రాసికొన్నాడు. 1865లో బానిసత్వము తొలగిన పిదప ఉప్పు బట్టీలలోను, బొగ్గు గనులలోను పనిచేసి, 1872లో హాంప్టన్ అనుచోట నల్లవారికై పెట్టిన పాఠశాలకు దాదాపు అయిదువందల మైళ్లు, కొంత బండిమీదను కొంత కాలినడకను పోయి చేరెను. అచ్చట ఆయనకు పెట్టిన ప్రవేశపరీక్ష ఒక గది నూడ్చుట. మూడుమారు లూడ్చి నాలుగుమారులు తుడిచెనట. ఉపాధ్యాయిని తన చేతిరుమాలుతో గోడలను బల్లలను రాచి చూచి, దుమ్ము కానరాకపోగా, చేర్చుకొనెను. ఇది మన పిల్లలకు చెప్పదగిన కథయే గాని, నేడు నేను చెప్పదలచినది ఆయన విద్యార్థిదశ కాదు, ఆయన పెట్టిన పాఠశాల సంగతి.

1881లో అలబామా రాష్ట్రపు శాసనసభ టస్కీగీ యను చిన్నపట్టణమున నల్లవారికొఱకు ఉపాధ్యాయ పాఠశాల పెట్టుటకు సంవత్సరమునకు 2,000 డాలర్లు మంజూరు చేసెను. ఆ మంజూరు ఊరక రాలేదు. ఆ యూర ల్యూయిస్ ఆడమ్స్ అను నల్లజాతి పనివాడుండెను. బానిసగా నున్నప్పుడే చెప్పులు కుట్టుట, జీనులు చేయుట, రేకుపని నేర్చిన సమర్థుడు. 1880 ఎన్నికలలో నిలిచిన తెల్ల అభ్యర్థి యొకడు నల్లవారి ఓట్లు కోరగా, ఓట్లకు బదులు మాకొక పాఠశాల కావలెనని ఆడమ్స్ అడిగెను. ఆ మాట నిలిచినది. అయితే ఆ 2,000 డాలర్లు ఉపాధ్యాయుల జీతములకు మాత్రమే. స్థలమునకు లేదు, ఇంటికి లేదు, బల్లలకు లేదు. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ మంజూరును చూచి నాకు నవ్వు వచ్చినది. సర్కారు మంజూరుల స్వభావము సముద్రముల కావలను ఇట్లే యుండును గాబోలు!

ఉపాధ్యాయుని పంపుమని ఊరివారు హాంప్టన్ పాఠశాలాధిపతికి వ్రాసిరి. తెల్లవాడే వచ్చునని వారి తలంపు. ఆయన ఇరువదియైదేండ్ల వాషింగ్టన్ పేరు సూచించెను. వాషింగ్టన్ వచ్చి చూడగా పాఠశాల లేదు. చదువుకొందు మను జనము మాత్ర ముండిరి.

ఆయన మొదట చేసిన పని నా కెంతయు నచ్చినది. పలక, బలపము, బల్లలకొఱకు తిరుగక, ఒక కంచరగాడిదను కట్టిన బండి యెక్కి చుట్టుపట్ల పల్లెలు తిరిగెను. ఎవరి యింట రాత్రియైన ఆ యింటనే భోజనము, ఆ యింటనే నిద్ర. చాల యిండ్లలో ఒకే గది. ఒక యింట భోజనమునకు కూర్చున్నవా రైదుగురు; ముళ్ల చెంచా యొక్కటియే. అదే గదిలో మరియొక మూల అరువది డాలర్ల ఆర్గన్ వాద్యము, నెలవాయిదాలమీద కొన్నది! ఈ పద్దును చూచినప్పుడు నాకు మన యూరి కొన్ని యిండ్లు జ్ఞప్తికి వచ్చినవి. పేర్లు చెప్పను.

1881 జులై 4వ తేదీన, వారి దేశపు స్వాతంత్ర్యదినమున, చర్చి ప్రక్కనున్న శిథిలమైన పాకలో ముప్పదిమంది విద్యార్థులతో పాఠశాల తెఱచిరి. వాన కురిసినప్పుడు ఒక విద్యార్థి తన పాఠము మాని లేచి వచ్చి, గురువు తలపై గొడుగు పట్టుకొని నిలుచుండువాడు. గొడుగు క్రింద గురువు పాఠము చెప్పువాడు.

ఆ విద్యార్థు లెవరు? పెక్కుమంది అప్పటికే పల్లెబడులలో పంతులుద్యోగము చేయుచున్నవారు. కొందఱు నలువది యేండ్లకు సమీపించినవారు. కొందఱు తమ శిష్యులను గూడ వెంటబెట్టుకొని వచ్చిరి. పరీక్షించి చూడగా గురువు క్రింది తరగతిలోను, శిష్యుడు పై తరగతిలోను పడిన సందర్భములు కలవు. పుస్తక మెంత లావైన, దాని పేరెంత పొడవైన, అంత గొప్ప చదువని వారి నమ్మకము. బ్యాంకు వడ్డీల లెక్కలు కంఠస్థము చేసినవా రుండిరి; బ్యాంకులో ఖాతా గలవాడు మాత్రము వారిలోను, వారి యిరుగుపొరుగులోను లేడు.

మూడు నెలలకు ఊరికి మైలు దూరమున ఒక పాత తోట అమ్మకమునకు వచ్చినది. పూర్వము బానిసలచే సేద్యము చేయించిన భూమి. పెద్ద భవనము కాలిపోయినది. మిగిలినవి నాలుగు: భోజనశాలగా నుండిన గుడిసె, పాత వంటిల్లు, గుఱ్ఱపుసాల, కోళ్ల సాల. వెల 500 డాలర్లు. సగము ముందు, సగము ఏడాదిలోపల. చేతిలో దమ్మిడీ లేదు. హాంప్టన్ కోశాధికారికి వ్రాయగా, సంస్థ ధనము ఇచ్చుటకు వీలులేదని, తన సొంత ధనము 250 డాలర్లు అప్పిచ్చెను. కోశాధికారులు వినదగిన విషయ మిది! సంస్థ పెట్టెను ముట్టలేదు. తన జేబును దాచుకొనలేదు.

గుఱ్ఱపుసాల తరగతి గదియైనది. పిదప కోళ్ల సాల గూడ కావలసి వచ్చినది. దానిని శుభ్రము చేయుటకు సాయము రమ్మని వాషింగ్టన్ ఒక వృద్ధుని పిలువగా, ఆ వృద్ధుడు తెల్లబోయి, పట్టపగలు కోళ్ల సాలలో దూరుదుమా యని యడిగెనట. ఆ ప్రాంతమున ఇతరుల కోళ్ల సాలలను దర్శించు వేళ రాత్రియేనని తాత్పర్యము. ఆ కాలపు కష్టములలో గూడ వారు నవ్వుకొనిరి.

నేల చదును చేయవలెను. తీరికవేళ చెట్లు కొట్టుదము రండని గురువు చెప్పగా శిష్యులకు రుచింపలేదు. పంతుళ్లము, గొడ్డలి పట్టుటయా యని! తల్లిదండ్రులును, చదువునకు పంపితిమి గాని కూలికి కాదని ఉత్తరములు వ్రాసిరి. వారిని తప్పుపట్ట నాకు మనసొప్పలేదు. తాత తండ్రులు కొరడా దెబ్బలు తినుచు ఆ భూములలోనే గొడ్డలి పట్టిరి గదా! వాషింగ్టన్ వాదింపలేదు. ప్రతి సాయంకాలము తానే గొడ్డలి భుజమున వైచుకొని ముందు నడచెను. తానును సిగ్గుపడుట లేదని చూచి ఒక్కొక్కరే వెంట వచ్చిరి. కొలది కాలమునకు ఇరువది యెకరములు చదునై పైరు వేసిరి.

అప్పు తీర్చవలెను గదా! ఆరు వారములకు ఆలివియా డేవిడ్సన్ అను ఉపాధ్యాయిని వచ్చి చేరెను. ఆమె ఇంటింటికి పోయి, తెల్లవారినియు నల్లవారినియు అడిగి, ఎవరు రొట్టె యిచ్చిన రొట్టె, ఎవరు కోడి నిచ్చిన కోడి తెచ్చి, విందులు ఏర్పాటు చేసి, వాటిని వెలకు పెట్టి ద్రవ్యము కూర్చెను. మూడు నెలలలో కోశాధికారి అప్పు తీరినది. మరి రెండు నెలలకు మిగిలిన సొమ్మును చెల్లింపగా నూఱెకరముల దస్తావేజు చేతికి వచ్చినది.

ఈ చందాల కాలముననే జరిగిన యొక సంగతి నన్ను నిలువబెట్టినది. డెబ్బదియేండ్ల ముసలమ్మ, బ్రతుకంతయు బానిసత్వమున గడిపినది, చింకిగుడ్డలతో, అయినను శుభ్రమైన చింకిగుడ్డలతో, కఱ్ఱ పొడుచుకొనుచు ఆయన గదికి వచ్చెను. తనవద్ద ధనము లేదని, తాను కూడబెట్టిన ఆరు కోడిగ్రుడ్లను ఈ పిల్లల చదువునకై పుచ్చుకొనుమని చెప్పి, వాటిని చేతిలో పెట్టి పోయెను. తరువాత ఆ పాఠశాలకు లక్షలు వచ్చినవి. ఏ దానమును తన్నంతగా కదలింపలేదని ఆయన వ్రాసెను.

నేను పుస్తకము మూసి యాలోచించితిని. ఆ గ్రుడ్లను చిట్టాలో ఏ పద్దున వ్రాయవలెను? ధర కట్టి నగదు జమలో వేయుటయా? అట్లు వేసిన ఆరు గ్రుడ్లు కొన్ని సెంట్లగును. సెంట్లు వ్రాసిన పద్దు అబద్ధము కాదు, నిజమును కాదు.

ఇచ్చట భారతకథ చెప్పెద నంటిని. తిక్కనగారి ఆశ్వమేధిక పర్వమున సక్తుప్రస్థుని కథ మీరందఱు ఎఱిగినదే. ధర్మరాజు అశ్వమేధము ముగించి కొండలంత దానములు చేసి, ఎల్లరును పొగడుచుండగా, సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఈ యజ్ఞము కురుక్షేత్రమందలి పేద బ్రాహ్మణుని పేలపిండికి సరిరాదని పలికెను. కరవుకాలమున, పరిగె యేరుకొని జీవించు ఆ బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు, నలుగురును తమతమ పిండి భాగములను ఆకలిగొన్న యతిథికి వరుసగా పెట్టిరి. అచ్చట రాలిన పిండిలో పొరలగా ముంగిసకు సగము దేహము పసిడియైనది. తక్కిన సగమునకై అది యజ్ఞము లన్నింట పొరలుచు వచ్చెను; కాలేదు. పూర్వము ఈ కథను చదివినప్పుడు దానమహిమ యనియే తలచితిని. ఇప్పుడు చూడగా ముంగిస చేసినది లెక్కల తనిఖీ. ధర్మరాజు ఖజానావారు వ్రాసిన దానపు చిట్టాను త్రోసిపుచ్చినది. నావంటి లెక్కలవానికి ఆ ముంగిసను తలచిన నేటికిని కొంచెము భయమే.

టస్కీగీకి మరలుదము. ఊర ఇటుకలు దొరకవు. మేమే చేసికొందుమనిరి. బురదగోతిలో మోకాలిలోతు దిగి త్రొక్కలేక కొందఱు విద్యార్థులు బడియే మానిరి. మొదటి బట్టీ చెడినది. రెండవదియు చెడినది. మూడవది వారమురోజులు కాల్చి, ఇక కొన్ని గడియలలో వేలకొలది ఇటుకలు చేతికి వచ్చు ననగా, నడిరాత్రి కూలిపోయినది. తోడి యుపాధ్యాయులు చాలించుదమనిరి. చేత డాలరు లేదు. వాషింగ్టన్ తన గడియారమును మాంట్‌గొమరీ పట్టణమునకు గొనిపోయి 15 డాలర్లకు కుదువబెట్టి, నాలుగవ బట్టీ పెట్టెను. అది నిలిచినది. గడియారము విడిపించుకొనుటకు గడువు దాటిపోయినది; అది మరల ఆయన కంట బడలేదు. అటుపిమ్మట ఆ పాఠశాల ఇటుకలకై చుట్టుపట్ల తెల్లవారు గూడ వచ్చిరి. పుస్తకము వ్రాయునాటికి పాఠశాలకు నలువది కట్టడము లుండగా, నాలుగు దక్క తక్కినవన్నియు దాదాపు విద్యార్థుల చేతులమీదనే లేచినవని వ్రాసినాడు.

ఇంతవరకు కీర్తి. ఇక, నాకు పుస్తకమంతటిలో ముఖ్యమని తోచిన చిన్న సంగతి. వసతిగృహము పెట్టిన క్రొత్తలో వంటకు పొయ్యి లేదు, తినుటకు పాత్రలు లేవు, అన్నము వేళకు లేదు. ఈ దినము కాఫీగిన్నె వంతు నాదంటే నాదని యిద్దఱు తెల్లవారుజామున తగవులాడుట మేడమీది గదిలో పరుండిన అతిథికి వినబడెనట. ఒకనాటి యుదయమున ఫలాహారము దొరకని బాలిక యొకతె, నీళ్లయినను త్రాగుద మని బావియొద్దకు పోయెను. చేదత్రాడు తెగియున్నది. వాషింగ్టన్ అచ్చటనే యున్నాడని యెఱుగక, ఈ బడిలో త్రాగుటకు నీళ్లుగూడ దొరకవు గదా యని నిట్టూర్చెను. కూలిన బట్టీలు చేయలేని పనిని ఆ మాట చేసినది. తన ధైర్యమును అంత సడలించిన మాట వేఱొకటి లేదని ఆయన చెప్పుకొన్నాడు.

ఆ పిల్లను గద్దించినట్లు ఎచ్చటను లేదు. ఆయన యనంతర ప్రవర్తనమునకు ఈ మాటతో సంబంధమున్నదని నా యూహ. ఏటికి రెండు మూడు పర్యాయములు విద్యార్థు లందఱును సంస్థలోని లోపములను తనకు ఉత్తరముగా వ్రాయవలెనని యేర్పాటు చేసెను. ఉత్తరములు లేనప్పుడు ప్రార్థనాశాలలో కూర్చుండబెట్టి నోటనే చెప్పించుకొనెడివాడు. ఈ పాఠశాల నాది కాదు, అధికారులది కాదు, మీదని మొదటినుండియు వారికి చెప్పుచు వచ్చెను. ఈ మాటను చెప్పని పాఠశాలాధిపతి ఉండడు. ఈయన చెప్పినప్పుడు వారు నమ్మిరి. గోతులు త్రవ్వినవారు, ఇటుకలు త్రొక్కినవారు, చలికి కంబళ్లు చాలక రాత్రులు నిప్పు చుట్టు కూర్చుండి తెల్లవార్చినవారు వారే. ఆ రాత్రులలో ఆయన గుడిసె గుడిసెకు పోయి వారిని పలుకరించెడివాడు.

ఆయనయందు దోషము లేదని నేను చెప్పను. 1895లో అట్లాంటాలో చేసిన యుపన్యాసమున, నల్లవారు హక్కులకై తొందరపడక మొదట పనిపాటలలో నిలదొక్కుకొనవలెనను ధోరణిలో మాటలాడెను. డుబాయిస్ అను నల్లజాతి పండితుడు 1903లో 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అను గ్రంథమున దీనిని గట్టిగా ఖండించెను. ఓటు, సమానహక్కు, ఉన్నతవిద్య విడిచి పనిముట్లు మాత్రము పట్టుకొన్న జాతి నిలువదనెను. ఈ వాదమున న్యాయము డుబాయిస్ పక్షముననే యున్నదని నా యభిప్రాయము. ఓట్ల బేరముచే పుట్టిన పాఠశాల గదా టస్కీగీ! ఈ పుస్తకము వెలువడిన 1901లోనే అలబామా క్రొత్త రాజ్యాంగము చేసికొని నల్లవారి ఓట్లను దాదాపుగా తుడిచివేసెను. అయితే ఆ యన్యాయమునకు ఎదురుగా నడచిన వ్యాజ్యములకు వాషింగ్టన్ రహస్యముగా ధనమిచ్చెనని ఆయన మరణానంతరము చరిత్రకారులు ఆయన పత్రములవలన కనుగొనిరి. బయటి చిట్టాలో లేని పద్దు ఆయనకును ఒకటి గలదు. 1903లో గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికయందు ఆయన జీవితమును ప్రశంసించి వ్రాసెను. 1915లో వాషింగ్టన్ మరణించెను. ఆయన పాఠశాల నేడు విశ్వవిద్యాలయముగా నున్నది.

ఇక మన పట్టికకు వచ్చెదను. మన గ్రంథాలయము గోడకు పొదిగిన రాతిమీద దాతల పేర్లున్నవి. వేయి రూపాయలకు తక్కువ కానివారి పేర్లే చెక్కించితిమి. ఆ నిర్ణయము వ్రాసిన చేయి నాదే. నెలక్రిందట పదవ తరగతి పిల్లవాడొకడు ఆ రాతి యెదుట చాలసేపు నిలుచుండి, నన్ను చూచి దగ్గఱకు వచ్చి అడిగెను: "ఈ లైబ్రరీ నేను కట్టానని మా తాత చెప్పేవాడండీ. ఆయన పేరు రాతిమీద లేదేమండీ?"

వాని తాత నాకు బాగుగా జ్ఞాపకమున్నాడు. బండి తోలుకొని బ్రదికినవాడు. ఏటినుండి ఇసుక తొమ్మిది దినములు తోలెను. కిరాయి ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. ఇంటికి పోయి మొదటి సంవత్సరపు చిట్టా తీసి చూచితిని. నా దస్తూరితో నున్నది: ఇసుక తోలకము, ఖర్చు లేదు. అంతే. పేరు లేదు. లెక్కప్రకారము ఆ పద్దున తప్పు లేదు. ఏ తనిఖీదారుడును పట్టజాలడు. ఆ పిల్లవానికి నే నప్పుడు సరియైన సమాధాన మీయలేకపోతిని. తాత గొప్పలు చెప్పెనని వాడు తలపోయుచు పోయి యుండును. ఆ బాలిక తెగిన చేదత్రాడును చూచి పలికిన మాట నాకీ చెవిని వినబడినది.

అది మొదలు ఖర్చు లేదని నేను వ్రాసిన పంక్తుల నన్నిటిని వెదకితిని. పదునేడు దొరికినవి. పునాది త్రవ్వినవారున్నారు. దూలములకు తన పెరటి తాటిచెట్లు రెండిచ్చిన రైతున్నాడు. అరలకు మేకులు కొట్టిపెట్టిన వడ్రంగి యున్నాడు. మొదటి రెండేండ్లు దీపము తన యింటినుండి తెచ్చి పెట్టినవారున్నారు. పైకప్పు వేయు దినములలో పనివారికి ప్రతిదినమును కుండెడు మజ్జిగ తెచ్చి పోసిన అవ్వ యొకతె యుండెను. వీరిలో తొమ్మండుగురి పేర్లు నాకు జ్ఞప్తికి వచ్చినవి, పట్టికలో చేర్చితిని. అకారాది క్రమమున వ్రాసితిని గాని, ఇచ్చిన సొమ్ము క్రమమున వ్రాయలేదు. రాతిమీద పేర్లుగల పెద్దలకు ఇందువలన కినుక కలిగినచో ఆ దోషము నాదే, కార్యవర్గమువారిది కాదు.

తక్కిన ఎనిమిది పద్దులకు పేర్లు తెలియవలసియున్నవి. సంచిక అచ్చునకు పోవుటకు ఇంకను ఇరువది దినములు గడువున్నది. ద్వారమువద్ద బల్లమీద ఒక పుస్తకమును, కలమును ఉంచితిని. మీ తల్లిదండ్రులు గాని, తాతలు గాని, ఈ యింటికి ఏమి చేసినదియు మీకు తెలిసినచో వ్రాసి పొండు. వ్రాయుట రానివారు నాతో చెప్పుడు, నేను వ్రాసికొందును. ఆ మజ్జిగ యవ్వ పేరు నే నడిగిన పెద్దలలో ఎవ్వరికిని తెలియలేదు. చెఱువుగట్టు ప్రక్క వీధిలో నుండెడిదని మాత్రము చెప్పిరి. ఆ వీధివా రెవరైన ఈ సభలో నున్నచో, పోవునప్పుడు ఒక్క నిమిషము నావద్ద ఆగవలెనని ప్రార్థన.